నది పేరు చెప్పకుండా పడవ అడుగుతున్నారు

మా రోజుల్లో ఒక్కడే ఎక్కి తెడ్డేసుకునే కనూ కొనడానికి వెళితే, దుకాణంలో పెద్దాయన మొదట అడిగే మాట "ఏ నదికి?" అని. తరవాత మన ఒడ్డూపొడవూ చూసేవాడు. ఎన్ని రాత్రుళ్ళ ప్రయాణమో అడిగేవాడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో కూడా అడిగేవాడు. ధర మాట చివర్న వచ్చేది. ఇప్పుడు మన తెలుగు పిల్లలు ఫోన్ చేసి, "అంకుల్, అన్నిటికన్నా తేలికైన సోలో కనూ ఏది?" అంటున్నారు. ఏ నదికి బాబూ అంటే, "అది ఇంకా అనుకోలేదండీ" అంటారు. గుమ్మం కొలవకుండా తలుపు చేయించినట్టుంది వ్యవహారం.

నేనుండేది అమెరికాలోని మిన్నెసోటాలో. ఉత్తరాన కెనడా సరిహద్దు వెంబడి బౌండరీ వాటర్స్ ఉంది. పది లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి మించి సరస్సులు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను నెత్తిన బోర్లించుకుని నడవాలి. ఆ కాలిబాటల పొడవును ఇప్పటికీ రాడ్లలోనే చెబుతారు; ఒక రాడ్ అంటే 16.5 అడుగులు. అక్కడికి కెవ్లార్ అనే తేలికపాటి గట్టి నారతో చేసిన 15, 16 కిలోల పడవ కొన్నవాణ్ణి నేనేమీ అనను. అదే పడవను కారు మీద కట్టుకుని, పక్కనున్న విస్కాన్సిన్‌లో నామెకాగన్ నదికి, అదీ వేసవి చివర్లో నీళ్ళు తగ్గాక తీసుకెళతానంటేనే ఒళ్ళు మండుతుంది. హేవర్డ్ ఊరికి ఎగువన ఆ నది సన్నగా, వేగంగా, మెలికలు తిరుగుతూ పారుతుంది. అడుగున రాళ్ళు. సరస్సు కోసం చేసిన పొడవాటి పడవకు అడుగు తిన్నగా ఉంటుంది, గాలిలో దారి తప్పకుండా సూటిగా పోవడానికి. మలుపులో ప్రవాహం తోకను నెట్టేస్తుంటే దాని ముక్కు మాత్రం తిరగదు. నదికి వెళ్ళే పడవకు అడుగు రెండు కొసల దగ్గరా కాస్త పైకి లేచి ఉండాలి. ఆ వంపునే రాకర్ అంటారు. అది ఉంటేనే ఒక్క తెడ్డు వేటుకు పక్కకు జరుగుతుంది. ఇవాళ అమ్మకం కాగితాల్లో బరువు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రాకర్ ఎంతో వెతుక్కోవాలి.

తేలిక పడవ మీద మోజు కొత్తదేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నెస్మక్ అనే కలం పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1883లో న్యూయార్క్ రాష్ట్రపు అడిరాండాక్ సరస్సుల మీదుగా 266 మైళ్ళు తిరిగాడు. ఆయన పడవ సైరీ గాంప్ పొడవు 9 అడుగులు, బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోల లోపే! కాంటన్ ఊళ్ళో జె. హెన్రీ రష్టన్ దేవదారు పలకలతో కట్టాడు దాన్ని. అయితే ఎవరికి కట్టాడు? అరవై దాటిన, ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న, బక్కపలచని మనిషికి. ఎక్కడికి కట్టాడు? సరస్సులకూ, మధ్యలో మోతలకూ. మనిషినీ నీటినీ చూసి కట్టిన పడవ అది. తొంభై కిలోల మనిషి, రెండు బస్తాల సామానుతో, రాళ్ళ నదికి అలాంటి తేలికే కావాలంటే ఎలా?

ఇక నా అసలు కడుపుమంట కనూలు చేసే రాయలెక్స్ గురించి. మధ్యలో నురుగు పొర, రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్, పైన వినైల్ తొడుగు. యూనిరాయల్ అనే టైర్ల కంపెనీ పుట్టించిన సరుకు. అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విమానాల కంపెనీ గ్రమ్మన్ చేసిన అల్యూమినియం కనూలు ఉండేవి. గట్టివే, కానీ అల్యూమినియం రాయి తగిలితే దాన్ని పట్టుకుని వదలదు, చప్పుడు కూడా నదంతా వినిపిస్తుంది. రాయలెక్స్ జారిపోయేది. బండకు చుట్టుకుని మధ్యకు మడతపడ్డ పడవను లాగి, ఎండలో పెట్టి, లోపలి నుంచి కాలితో తంతే చాలావరకు మళ్ళీ పడవ అయ్యేది. ఒంటరిగా వెళ్ళేవాడికి అంతకన్నా ధైర్యం ఏం కావాలి? సాయానికి రెండో పడవ ఉండదు కదా. అలాంటి సరుకు తయారీని 2014 నాటికి ఆపేశారు. గిరాకీ తక్కువట! నదుల మీద తిరిగేవాళ్ళం అంత తక్కువమందిమా? తరవాత కెనడాలోని క్యుబెక్ నుంచి ఎస్కీఫ్ కంపెనీ టీ-ఫార్మెక్స్ తెచ్చింది. మంచి సరుకే, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ సోలో పడవల్లో అప్పటంత ఎంపిక ఇప్పుడు కనిపించదు, పాత రాయలెక్స్ పడవ ఎక్కడైనా అమ్మకానికొస్తే సాయంత్రానికి ఉండదు.

కూర్చునే తీరు కూడా మారిపోయింది. బిల్ మేసన్ 1977లో కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం తీసిన 'పాత్ ఆఫ్ ద పాడిల్' చిత్రాలు చూసి నేర్చుకున్న తరం మాది. పదహారడుగుల ప్రాస్పెక్టర్ రకం కనూలో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పడవను ఒక పక్కకు వాల్చి, ఒక్క తెడ్డుతో ఉరవడిలో దాన్ని ఎలా తిప్పుతాడో ఈ పిల్లలకు చూపించాలని ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుంటే బరువు కిందికి దిగుతుంది, పడవ ఒంటికి అతుక్కుంటుంది. అందుకే సీటు ముందంచు కొంచెం కిందికి వాలి ఉండాలి, బూటుతో ఉన్న పాదం సీటు కింద నుంచి అడ్డం లేకుండా బయటికి రావాలి. పడవ తిరగబడినప్పుడు పాదం ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. కొనేటప్పుడు సీటు కింద చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఇవాళ నాకు కనబడరు. కప్పు పెట్టుకునే గూడు ఉందా, చేపల గాలం నిలబెట్టే గొట్టం ఉందా అని మాత్రం చూస్తారు.

"ఇది ఇన్ని కిలోలు మోస్తుందట" అంటారు. మోస్తుంది, మునగకుండా. ఆ బరువుతో మలుపు తిరుగుతుందా అన్నది వేరే లెక్క. సామానంతా వేశాక కూడా పడవ అంచు నీటికి తగినంత ఎత్తున మిగలాలి, తెడ్డు వేసే చోట వెడల్పు మన చేతులకు అందాలి. ఇద్దరి పడవ ఆ చోట 35 అంగుళాలుంటే ఒంటరి పడవ 28, 30 దగ్గర ఉంటుంది. పొట్టి చేతులవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇప్పటి కాలంలో ఒక్క మేలు ఉంది. మేము నీటిమట్టం తెలుసుకోవాలంటే నది ఒడ్డున ఎరలమ్మే దుకాణానికి ఫోన్ చేసి బతిమాలుకునేవాళ్ళం. ఇప్పుడు ప్రభుత్వ కొలమానాల అంకెలు అరచేతిలో కనిపిస్తున్నాయి. ఆ అంకెలు చూసే అలవాటు ఒక్కటి చేసుకున్నా సగం పడవలు విరగవు.

ఈ వేసవిలో సోలో కనూ కొనాలనుకునేవాళ్ళు ముందు నది ఎంచుకోండి. మీ సామాను బస్తాలు వెంట తీసుకెళ్ళండి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక గంట తెడ్డెయ్యండి. పడవను నీళ్ళలో దింపి చూడనివ్వని చోట ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.