చక్రవర్తికి 75 తప్పులు

ఫ్రెంచిలో నీళ్లను 'ఓ' అంటారు. ఆరేళ్ల పిల్ల కూడా ఇట్టే అనేస్తుంది. రాయమంటేనే తంటా: ఇ, ఏ, యు మూడూ వరసగా నిలబడాలి. పిట్ట 'వాజో'. దాని రాతలో అచ్చులు అయిదింటికి అయిదూ హాజరు. ఒక్కటీ సొంత గొంతు విప్పదు, అసెంబ్లీలో వెనక బెంచీ సభ్యుల్లాగా. తొంభైతొమ్మిది అనాలంటే 'నాలుగిరవైలూ పదీ తొమ్మిదీ' అనాలి. పక్కనున్న బెల్జియంలో, స్విట్జర్లాండులో తొంభైకి సుఖంగా ఒక్క మాటుంది. పారిస్ పిల్లకు మాత్రం నోరు తెరిస్తే ఎక్కాలే.

ఇదంతా ఎవరి పుణ్యం? 1635లో రాజుగారి మంత్రి రిష్ల్యూ పెట్టిన ఫ్రెంచి అకాడమీలో నలభై మంది పెద్దలుంటారు. బిరుదు 'అమరులు'. 1673లో నిఘంటువుకు నియమాలు రాసుకుంటూ, పాత రాతనే ఉంచుదామన్నారు. ఎందుకట? చదువుకున్నవాళ్లను అజ్ఞానుల నుంచీ, మామూలు ఆడవాళ్ల నుంచీ అది వేరు చేస్తుందట! దాపరికం లేదు, మెచ్చుకోవాల్సిందే. ఆ కంచె ఇప్పుడు పలకాబలపం పట్టినవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటోంది.

1857లో మూడో నెపోలియన్ కొలువులో మెరిమే అనే రచయిత సరదాకి డిక్టేషన్ చెప్పాడంటారు. చక్రవర్తికి 75 తప్పులు, మహారాణికి 62. అందరికన్నా తక్కువ, మూడంటే మూడే, ఆస్ట్రియా దౌత్యవేత్త ఒకరికి. పరాయివాడికి! చక్రవర్తిని గోడకుర్చీ వేయించినట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

1990లో కాస్త జాలి పుట్టింది. రెండు వేల దాకా మాటల రాతను తేలిక చేయొచ్చంటూ గెజిట్‌లో సూచనలు వచ్చాయి. ఉల్లిపాయలోని పలకని 'ఐ'ని తీసేయొచ్చన్నారు. పాతికేళ్లు జనానికి పెద్దగా పట్టలేదు. 2016లో అవి బడిపుస్తకాల్లోకి వస్తున్నాయనగానే భాషాభిమానం పొంగింది. ఉల్లి కోయకుండానే దేశమంతా కన్నీళ్లు.

అక్కడి విద్యాశాఖ ప్రాథమిక బడి చివరి తరగతి పిల్లలకు ఒకే డిక్టేషన్ ఇచ్చి చూస్తూ వచ్చింది. 1987లో సగటున 10.7 తప్పులు, 2021లో 19.4. పిల్లలు చెడిపోయారని పెద్దల గగ్గోలు. అయ్యా, అమరులారా, వారి అభిమానులారా, ముందు మీరు తలా ఒక కాగితం తీసుకుని ఆ మెరిమే డిక్టేషన్ రాసి చూపించండి. పిల్లల కాగితాల మీద ఎర్రసిరా తరవాత పోద్దురుగాని.