బిట్టోపనిషత్తుకు హనుమకొండ వ్యాఖ్య

హనుమకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు చేరే చాయ్ బండి దగ్గర ఒక పెద్దమనిషి తప్పకుండా ఉంటాడు. గ్లాసు చేతికి రాకముందే ప్రశ్న వేస్తాడు. “తమ్మీ, ఆక్టోపస్‌కు గుండెకాయలు ఎన్ని?” మూడంటే కళ్లు మూసుకుని తలాడిస్తాడు. మూడెందుకని పిల్లవాడు అడిగితే, “ఎందుకనేది పరీక్షల రాదు” అని చాయ్‌లో బిస్కెట్ ముంచుతాడు. ఆ బిస్కెట్ మునిగిన క్షణంలోనే ఈ టీక పుట్టింది.

మూలం: మూడు గుండెలది ఆక్టోపస్, రాష్ట్ర పక్షి పాలపిట్ట, మేచకల్యాణి 65, వెంట్రుక కెరటిన్.

టీక: జంతువు, ప్రకృతి, సంగీతం, కేశం అనే చతుర్విధ పురుషార్థాలనూ ఒక్క సూత్రంలో బిగించారు. ఛందస్సు ఆబ్జెక్టివ్. గణాలు ఎ, బి, సి, డి. యతి స్థానంలో సున్నాను నల్లగా దిద్దాలి. ప్రతిపదార్థం స్పష్టం. టీకాకారుడు స్పష్టమన్న చోట ఆయనకూ తెలియదని లోకం అనుకుంటుంది. అది పాత అపవాదు. మెదక్ వైపు కొల్చారంతో ముడిపడిన మల్లినాథ సూరి ఆధారం లేని మాట రాయనని, అక్కరలేనిది చెప్పనని మాటిచ్చి మరీ వ్యాఖ్యలు మొదలుపెట్టాడు. మొదటి సగానికి మన వ్యాఖ్యాత కట్టుబడతాడు. రెండో సగం ఆయన వల్ల కాదు.

కాదనడానికి సాక్ష్యం మూడో పాదమే. ఇక్కడ వ్యాఖ్యాత చాప పరిచాడు. కటపయాది లెక్కలో క, ట, ప, య అక్షరాలకు విలువ 1. అక్కడినుంచి వరుసగా లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఞ, న అక్షరాలకూ విడిగా వచ్చే అచ్చులకూ సున్నా. రాగం పేరులో మొదటి రెండక్షరాల విలువ కట్టి తిరగేస్తే 72 మేళకర్త రాగాల వరుసలో దాని సంఖ్య. మేచకల్యాణిలో ‘మే’ 5, ‘చ’ 6, తిప్పితే 65. అంటే జవాబు ప్రశ్న కడుపులోనే ఉంది! 72 పేర్లకూ 72 అంకెలు రాత్రంతా వల్లెవేయించే బదులు ఈ కిటుకు ఒక్కసారి చెబితే గురువుగారి సొమ్మేం పోయింది?

తాళంచెవి దొరికాక ఎవరాగుతారు? ‘వన’ 40, తిప్పితే 04. నాలుగో మేళకర్త వనస్పతి, అంటే చెట్టే. ‘కేశ’ 15, తిప్పితే 51, కామవర్ధని. తలనూనెలు అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం మన అదృష్టం. ‘కరి’ 12, తిప్పితే 21, కీరవాణి. కరి అంటే ఏనుగు, కీరమంటే చిలుక, రెండూ ఒకే అంకె మీద కూర్చున్నాయి. అదే జంతువును తెలుగులో పిలిస్తే ‘ఏ’ సున్నా, ‘ను’ సున్నా. అంత ఒళ్లూ గుండుసున్నా.

ఏనుగు పేరెత్తి జాయపను తలవకపోతే ఓరుగల్లులో తిన్నది అరగదు. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర ఆయన గజసాహిణి, ఏనుగుల దండుకు అధిపతి. అలాంటివాడు 1254 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులో సగం మార్గ నృత్యం, సగం దేశి. బిట్ బ్యాంకులో ఆయనకు దక్కింది ఒక్క వరుస: ఎడమవైపు గ్రంథం, కుడివైపు జాయప, జతపరచండి. ఏనుగుల్ని నడిపిన మనిషి ఆట అడుగుల లెక్క ఎందుకు పట్టాడని అడిగే గడి ఆ పుస్తకంలో లేదు. నృత్తరత్నావళినీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టాడు. జతపరచడమంటే అదీ!

సూత్రం ఎక్కడో జారిపోయింది. రెండో పాదం: పాలపిట్ట. ఉమ్మడి రాష్ట్రానిదీ ఇదే పక్షి. 2014లో తెలంగాణ దీన్నే ఉంచుకుంది, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకకు మారింది. పాత బిట్ బ్యాంకు సగం ధరకు కొన్నవాడికి అక్కడ ఒక మార్కు గల్లంతు. కూర్చుంటే మట్టిరంగు, రెక్క విప్పితే నీలాల మెరుపు. కరెంటు తీగ మీద అది కూర్చుని ఉంటే, సరిగ్గా దాని కిందే నిలబడి పాలపిట్ట, పాలపిట్ట అని వల్లెవేస్తున్న కుర్రాణ్ని వ్యాఖ్యాత చూశాడు. తల ఎత్తలేదు.

దీనికి నవ్వవచ్చు. దసరాకు నవ్వు రాదు. పండుగనాడు పాలపిట్టను చూస్తే శుభమని కొందరు ముందే వలవేసి పడతారు, ఎగరకుండా రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి పైసలకు చూపిస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. రాష్ట్ర పక్షి ఏదంటే అందరికంటే ముందు చెయ్యెత్తేవాడే ఆ పంజరం ముందు జేబులోంచి నోటు తీస్తాడు.

నాలుగో పాదం పొట్టిది. వెంట్రుక, గోరు, ఖడ్గమృగం కొమ్ము, మూడూ కెరటినే. అడవిలో దేనికోసం ఆ మృగాన్ని కాల్చి చంపుతున్నారో, దాన్నే మన సెలూన్లలో చీపురుతో ఊడ్చి పారేస్తారు. బిట్టులో ఈ మాట పట్టలేదు.

తాత్పర్యం: ఆక్టోపస్‌కు రెండు గుండెలు మొప్పలకోసం, మూడోది ఒంటికోసం. ఈదుతున్నంతసేపూ ఆ మూడోది ఆగుతుంది. అందుకే అది ఈదడం కంటే పాకడానికే మొగ్గుతుంది. ఇంత సంగతి చెబుదామని వ్యాఖ్యాత బండి దగ్గరికి పోయేసరికి పెద్దమనిషి రెండో చాయ్ చెప్పి, కొత్త పిల్లవాణ్ని పట్టుకున్నాడు.

“తమ్మీ, నీళ్లు తాగని జంతువు ఏది?”

“కంగారూ ర్యాట్ సార్” అన్నాడు వాడు, చాయ్ ఊదుకుంటూ.