జ్ఞాపకాలు కావాలి, అభిప్రాయాలొద్దు

మనవడు ఫోనును పళ్ళబుట్టకు ఆనించి నిలబెట్టి, "నానమ్మా, నిజాం కాలం గురించి చెప్పు" అన్నాడు.

"ఎంతసేపు?"

"ఒక్క నిమిషం. ఎక్కువైతే ఎవరూ చూడరు."

పనసకాయ కొయ్యాలంటేనే ఓ పూట పడుతుంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషిని నిమిషంలో ఒలిచి పెట్టమంటున్నాడు. సరే, మొదలుపెట్టాను. "అప్పుడు ఈ ఊళ్ళో సభలో తెలుగు మాట్లాడితే నవ్వేవాళ్ళట. ఇప్పుడు నువ్వు మాట్లాడుతుంటే నాకూ నవ్వొస్తోంది" అన్నాను.

వాడు వెంటనే ఆపేశాడు. "అట్లా కాదు నానమ్మా. జ్ఞాపకాలు చెప్పు. అభిప్రాయాలొద్దు."

ఆ ఒక్క మాటలో మా ఇంటి రాజ్యాంగమంతా ఉంది. పెద్దావిడ ఆవకాయ జాడీ లాంటిది. చుట్టాలొచ్చినప్పుడు మూత తీసి అందరూ వాసన చూడాలి. ఘాటు ముక్కుకి తగిలిందో, వాసెన గట్టిగా కట్టి మళ్ళీ అటక ఎక్కించాలి.

మేడమీది గదిలో అద్దెకుండే కుర్రవాడొకడున్నాడు, గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగు, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ, రాత్రి మా డాబా మీద పచార్లు. 1921 నవంబర్ 12న ఏం జరిగిందని నిద్రలో అడిగినా చెబుతాడు. వివేకవర్ధనిలో సంఘ సంస్కార సభ. అధ్యక్షుడు కార్వే. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే పదకొండుమంది కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఇదంతా ఒక మార్కు.

"ఆ పదకొండుమందికి ఆ రాత్రి అన్నం ఎవరు వడ్డించారు నాయనా?" అని అడిగాను.

పాపం, చాలాసేపు ఆలోచించాడు. "సిలబస్‌లో లేదమ్మమ్మా" అన్నాడు.

అవును, ఉండదు. కానీ దాని తర్వాతి ముచ్చట మా ఇంటి సిలబస్‌లో ఉంది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు ఆడపిల్లలకు హైస్కూలు పెట్టారు. నారాయణగూడలో ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఉస్మానియాలో చదువంతా ఉర్దూ. తెలుగులో చదివే ఆడపిల్లలకు ఇక్కడ గుర్తింపు దొరకలేదు. పుణె నుంచి తెచ్చుకోవలసి వచ్చింది, అదీ కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయం నుంచి. ఏ సభలో తెలుగుకు అవమానం జరిగిందో, ఆ సభాధ్యక్షుడి విశ్వవిద్యాలయమే తెలుగు బడికి తలుపు తెరిచిందన్నమాట. మా అమ్మ పరదా కట్టిన బండిలో ఆ బడికి వెళ్ళి చదువుకుంది. నారాయణగూడ పిల్ల తెలుగులో చదివిందని మరాఠీ ఊరు ఒప్పుకోవాలి! చచ్చేదాకా ఆ మాట చెప్పి నవ్వేది.

ఆవిడ మునిమనవడే ఈ ఫోను కుర్రవాడు. తెలుగులో తన పేరు రాయలేడు. వీణ్ణి ఎవరూ గోల చేసి కూర్చోబెట్టలేదు, ఏ నిజామూ ఫర్మానా ఇవ్వలేదు. ఏటేటా లక్షల్లో ఫీజు కట్టి మరీ మేమే మానిపించాం.

సెప్టెంబర్ వస్తే నాకు గిరాకీ పెరుగుతుంది. పదిహేడో తారీఖుకి కేంద్రం పెట్టిన పేరు విమోచన దినం. వెనకటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. ఇప్పటి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది. విలీనమనేవాళ్ళు వేరే, విద్రోహమనేవాళ్ళు వేరే. ఒక్క రోజుకి ఇన్ని బారసాలలు! పేటలో పెద్దావిణ్ణి గనక, ఎవరికి వారు వచ్చి తమ పేరు నా నోట పలికించుకు పోదామని చూస్తారు.

నిజాం లొంగిపోయిన ఆ రోజుకి నాకు నాలుగేళ్ళు. నిజాం దక్కన్ రేడియోలో మాట్లాడాడని పెద్దయ్యాక విన్నాను. మిగతాదంతా మా అమ్మ చెప్పిందే. సైనిక చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17కల్లా ముగిసిందని పుస్తకాల్లో రాస్తారు. రజాకార్ల భయానికి ఊళ్ళొదిలి మా ఇల్లు చేరిన చుట్టాలు మాత్రం ఐదు నెలలున్నారు. మగవాళ్ళు రేడియో చుట్టూ, ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ. రాజ్యం పోయిందని కొందరు ఏడ్చారు, వచ్చిందని కొందరు పండగ చేసుకున్నారు. ఏడ్చినవాళ్ళకూ నవ్వినవాళ్ళకూ జొన్నరొట్టె చేసి పెట్టింది మా అమ్మే. ఆవిడనడిగితే ఆ రోజుకి ఏం పేరు పెట్టేదో? "పిండి అయిపోయిన దినం" అనేదేమో. ఈ మాట మైకులో చెబితే శాలువా మాత్రం కప్పారు. మరుసటేడు పిలవలేదు.

2011 జనాభా లెక్కలప్పుడు ఒకాయన వచ్చి, "అమ్మగారు ఏం పని చేస్తారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా అబ్బాయి, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. చేతిలో పప్పుగరిటె పట్టుకుని వింటున్నాను. అబ్బాయిని అని ఏం లాభం? సొంతింటి చాకిరీ చేసే ఆడదాన్ని పని చెయ్యనివాళ్ళ జాబితాలోనే వెయ్యాలని లెక్కలవాళ్ళ నిబంధన. అదే వంట పక్కింట్లో జీతానికి చేస్తే పని చేసేదాన్నే. అందుకని నేనూ పక్కింటావిడా ఇళ్ళు మార్చుకుని వండుకుంటే దేశంలో నిరుద్యోగం కొంత తగ్గేది. ఆర్థిక శాఖకు ఈ సలహా ఉచితం.

కేంద్రం వాళ్ళే ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో కూడా సర్వే చేశారు. 2019లో ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడితే, మగవాళ్ళు 97. 2024లో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గి 289 అయింది. అబ్బ, మగవాళ్ళు అందుకున్నారు కాబోలని సంబరపడ్డాను. చూస్తే వాళ్ళదీ 88కి దిగింది! అదైనా చేసేవాళ్ళ సగటే. చెయ్యని మహానుభావులను లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే ఆ సగటు ఏ పాతాళంలో తేలేదో.

ఇక చట్టం. అదీ నా మీద దయ తలిచింది, కాకపోతే ఎప్పుడూ బస్సు వెళ్ళిపోయాక. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. ఒకటే షరతు, అప్పటికి పెళ్ళయి ఉండకూడదు. నాకు 1964లోనే అయిపోయింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఓపిక పట్టలేకపోయాను, తప్పు నాదే. 2005లో కేంద్రం, పెళ్ళయినా ఫర్వాలేదంది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందు పద్ధతిగా జరిగిన పంపకాల జోలికి పోనంది. మా అన్నదమ్ములు ఎప్పుడో రిజిస్ట్రీ చేయించుకుని పంచుకున్నారు. నాకు పసుపు కుంకుమలతో ఒక పోచంపల్లి చీర పెట్టారు. రంగు వెలవలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

ఇప్పుడీ బర్కత్‌పుర ఇంట్లో మాత్రం నాకు వాటా ఉంది. ఎందుకు? ఆయన పోయారు గనక. 1956 చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మనిషి ఆస్తిలో పిల్లలతో పాటు భార్యకూ ఒక భాగం. కూతురిగా రానిది, కాపురం చేసినన్నాళ్ళూ లేనిది, బొట్టు తీసేశాక వచ్చింది. నేనొక మనిషినని చట్టానికి గుర్తు రావడానికి ఇంట్లో ఒక చావు కావలసి వచ్చింది.

అందుకే ఈ మధ్య ఇంట్లో నాకింత మర్యాద. ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నారు. మామిడిచెట్టు పోయి లిఫ్టు వస్తుంది. మల్లెపందిరి ఉన్నచోట కార్లు పెడతారు. కట్టబోయే అపార్టుమెంటుకి వారసత్వం అని అర్థం వచ్చే ఇంగ్లిషు పేరు కూడా పెట్టేశారు. వారసత్వం ఉండాలంటే ముందు ఇల్లు కూలాలి కదా! నా మూడో ఫ్లోరు గదికి గాలీ వెలుతురూ వస్తాయా అని అడిగితే, "నీకు గుడి కనిపిస్తుందమ్మా" అన్నాడు అబ్బాయి. నా కంటికి శుక్లాలని వాడికి తెలుసు.

ఇవాళ సాయంత్రం నలభై పేజీల కాగితాలు తెచ్చి టీపాయ్ మీద పరిచారు. అన్నీ ఇంగ్లిషు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెడితే చాలమ్మా" అన్నాడు అబ్బాయి. బిల్డరు మనిషి పెన్ను మూత కూడా తీసి అందించాడు.

"తెలుగులో చదివి వినిపించండి" అన్నాను.

"మా మీద నమ్మకం లేదా అమ్మా?"

"నమ్మకం సంగతి నా అభిప్రాయం కింద వస్తుంది. అవి వద్దన్నారు కదా."

ఇంట్లో ఇంగ్లిషు బాగా వచ్చినవాడు మనవడే. ఎదురుగా కూర్చోబెట్టి, వాడి ఫోను నేనే పళ్ళబుట్టకు ఆనించి నిలబెట్టాను. "చెప్పు నాన్నా. ఒక్క నిమిషం కాదు, మొత్తం" అన్నాను.

రాత్రి తొమ్మిదయింది. మొదటి పేజీ మూడో వాక్యం దగ్గర ఆగి, తెలుగు మాట కోసం తల గోక్కుంటున్నాడు. అబ్బాయి గడియారం చూస్తున్నాడు. బిల్డరు మనిషికి రెండో టీ కూడా అయిపోయింది. నాకేం తొందర లేదు. తెలుగు చదువుకి పుణె నుంచి గుర్తింపు వచ్చేదాకా ఆగిన ఇల్లు మాది.