సంప్రదించామని రాసుకోండి

సర్కారీ తెలుగులో 'భాగస్వామ్యం' అంత చవకైన మాట ఇంకోటి దొరకదు. మీటింగ్ ఫొటోలో చివరి వరుసలో నిలబడ్డవాడు భాగస్వామి. టీ తాగి సంతకం పెట్టినవాడు క్రియాశీల భాగస్వామి. దేని మీద పెట్టాడో అడగనివాడు ఆదర్శ భాగస్వామి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జనానికైతే ఇంత శ్రమ కూడా లేకపోయింది. టీ నీళ్లు కూడా ముట్టకుండానే 2025 మే 30న వాళ్లు ఓ పెద్ద పథకంలో భాగస్వాములైపోయారు.

ఆ రోజు వచ్చింది జీవో 49. సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని అది కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి నుంచి ఇటు తెలంగాణలోని కవ్వాల్‌కు పులులు వచ్చిపోయే తోవ అది. తోవ కాపాడాలన్న ఆలోచనకు వంక పెట్టేదేమీ లేదు. చిక్కల్లా వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే వచ్చింది. ఇలాంటి రిజర్వును స్థానికులను సంప్రదించాకే ప్రకటించాలని 36ఎ సెక్షన్ చెబుతోంది. దాని నిర్వహణ కమిటీలో ఆ పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒకరుండాలని 36బి అంటోంది. చట్టం రాసినవాళ్లు పాపం అమాయకులు. సంప్రదించడమంటే ఊళ్లోకి పోయి, గద్దె మీద కూర్చుని, 'ఏమంటారు?' అని అడగడమే అనుకున్నారు. జీవో చేతికొచ్చాక ఊళ్లవాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: మమ్మల్ని ఎవరడిగిండ్రు?

ఇక పేరు చూడండి. రిజర్వుకు పెట్టిన పేరు కుమురం భీం. జల్, జంగల్, జమీన్ మావేనని తుపాకీ పట్టి, 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం బలగాల చేతిలో నేలకొరిగిన మనిషి. అడవి మీద హక్కు అడిగినవాడి పేరునే ఆ అడవి బోర్డుకెక్కించడానికి ఎంత చమత్కారం కావాలి! పైగా ఆ నిజాం సర్కారు, భీంను చంపాక అయినా, గోండులకు కోపమెందుకొచ్చిందో తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం వేసి, గోండులతో కలిసి బతికి, వాళ్ల మాట విన్నాడు. అంటే ఈ అడవిలో సంప్రదింపులకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. కాకపోతే అది ముందుకు కాక వెనక్కి నడిచింది.

జీవో మీద ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, బంద్ అన్నాయి. జులై 21న సర్కారు జీవోను నిలిపివేసింది. రద్దు కాదు, నిలిపివేత. నిలిపివేసిన కాగితానికి రిజర్వు చేసే బాధ్యతా ఉండదు, వద్దనే ధైర్యమూ ఉండదు.

ఈ కాగితపు భాగస్వామ్యం కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచే, ఊళ్లవాళ్లను అడవి కాపలాలో కలుపుకుంటామన్న వన సంరక్షణ సమితులుండేవి. 2002లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో వాటికి 'సామాజిక అటవీ యాజమాన్యం' అని కొత్త పేరొచ్చింది. యాజమాన్యం అన్నారు గానీ యజమాని ఎవరో చెప్పలేదు. నిధులున్నన్నాళ్లు సమితి ఉంది, తర్వాత బోర్డు ఉంది.

పులి సంగతేమిటి? 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వు అయింది. కోర్ ఏరియానే 892 చదరపు కిలోమీటర్లు. 2022 గణన నాటికి అందులో స్థిరంగా కాపురముంటున్న పులి లేదు. అదే కాగజ్‌నగర్ వైపు, రిజర్వు గీత బయట, ఫాల్గుణ అని పిలిచే ఆడపులి వచ్చి పిల్లల్ని కూడా కన్నది. 2024 చలికాలంలో జానీ అనే మగపులి తోడు కోసం మహారాష్ట్ర దాటి ఆదిలాబాద్, నిర్మల్ అడవుల్లో వందల కిలోమీటర్లు తిరిగింది. బోర్డున్న చోట పులి లేదు, పులున్న చోట పోడు చేను ఉంది. జనం ఉంటే పులి ఉండదన్న సిద్ధాంతాన్ని పులికి ఎవరూ వివరించినట్టు లేదు.

అలాగని ఊళ్లవాళ్లంతా రుషులని కాదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం దగ్గర రెండు పులులు చచ్చిపడి కనిపించాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పూశారని తేలింది. ఆవు పోయినవాడికి పరిహారం ఫైలు ఏ టేబుల్ మీదుందో తెలియదు గానీ, విషం డబ్బా ఏ దుకాణంలో ఉందో తెలుసు. నాయకుల భాగస్వామ్యమైతే మరో రకం. 2019 జూన్‌లో సార్సాలలో మొక్కలు నాటించబోయిన మహిళా ఫారెస్ట్ అధికారిని ఎమ్మెల్యే సోదరుడి గుంపు కర్రలతో కొట్టింది. దేశమంతా ఆ వీడియో చూసింది.

ఇదే జిల్లాలో చిన్న చిన్న పనులు జరక్కపోలేదు. బెజ్జూరు వైపు పాలరాపుగుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయని తెలిశాక, వాటిని కాయడానికి అటవీ శాఖ చుట్టుపక్కల కుర్రాళ్లనే పెట్టుకుంది. దానికి 1,492 చదరపు కిలోమీటర్లూ అక్కర్లేదు, మహనీయుల పేరూ అక్కర్లేదు. బహుశా అందుకే అది ఎవరి ప్రసంగంలోనూ పెద్దగా వినబడదు.

ప్రసంగాల సంగతి అలా ఉంచితే, 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి పోయిన యువతిని పులి చంపింది. తర్వాత అధికారులు కూలీలకు మనిషి మొహం మాస్కులు పంచారు. పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి తల వెనక కట్టుకోమన్నారు. పొద్దెక్కాక చేనుకు పోయి, చీకటి పడకముందే ఇల్లు చేరమన్నారు. ఆడవాళ్లు అలాగే కట్టుకుని చేలోకి దిగారు. తగ్గిన గంటలకు కూలి ఎవరిస్తారో ఆ మాస్కుల మీద రాసి లేదు.