జీ హుజూర్ బండి

కరీంనగర్‌లో ఒక వాకిట్ల మూడు బండ్లు. తాత స్కూటర్‌కు ఏపీ 15. కొడుకు కారుకు టీఎస్ 02. మనుమడి కొత్త బైక్‌కు టీజీ 02.
తరాలు మూడు, ప్లేట్లు మూడు. ఇంటి ముంగట గుంత మాత్రం ఒక్కటే!

తెలంగాణ ఉద్యమంలో ఏపీ చెరిపి టీజీ రాసుకుంటే పోలీసులు బండి ఆపిండ్రు.
2014లో రాష్ట్రమొచ్చింది. టీజీ రాలే, టీఎస్ వచ్చింది.
ఎస్ అంటే స్టేట్ అన్నరు సర్కారోళ్లు.
టీఆర్ఎస్‌ల నడిమి అక్షరం నొక్కేసిండ్రు అన్నరు గిట్టనోళ్లు.
ఆఫీసుల్లో మాత్రం 'ఎస్ సార్' అనే అర్థమైంది.

సర్కారు మారింది. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ.
ఆఫీసుల్లో ఇప్పుడు 'జీ హుజూర్'. (వంగుడు అదే, నడుము అదే.)

ఆదిలాబాద్‌ది ఇంకో యోగం. ఏపీ ఉన్ననాడు 01, టీఎస్ ఉన్ననాడు 01, టీజీల కూడా 01. వెనుకబడ్డ జిల్లా అనేటోళ్లు ఒక్కసారి ప్లేటు చూసి మాట్లాడాలె!

అందరికన్నా హుషారు ఆర్టీసీ. టీఎస్ఆర్టీసీ పోయి టీజీఎస్ఆర్టీసీ అయింది. జీ ఉంది, ఎస్సూ ఉంది. రేపు ఎవరొచ్చినా ఒక అక్షరం చెరిపేస్తే సరి, కొత్త పెయింటు ఖర్చు లేదు.
నిర్మల్ బస్సుల సీటుందా అంటరా?
అక్షరాలకే ఇరుకైతాంది, మనుషుల సంగతి తర్వాత!