బరాత్ వాక్యమునకు బాలబోధిని వ్యాఖ్య

మూలము:
"అన్నా! జర సౌండు పెంచరాదే!"

అవతారిక: నల్లగొండ, పాలమూరు జిల్లాలయందు పెండ్లి బరాత్ బొడ్రాయి దాటి సాగుచుండగా, రాత్రి పది దాటిన పిమ్మట, పెండ్లికొడుకు దోస్తు డీజే వానిని ఉద్దేశించి పలికిన వాక్యమిది. కర్త పేరు తెలియరాదు, ఊరికొకడు కలడు.

ప్రతిపదార్థము:

అన్నా = జనరేటరును, ఆంప్లిఫయరును, నిలువెత్తు బాక్సులను మోయు డీసీఎం బండికి అధిపతివైన ఓయీ! ఇతడు బాక్సుల వెనుక నిలుచును. ముందు ఎగురువారికి తగులునంత మోత ఇతనికి తగులదు.

జర = కొంచెము. వాక్యమునకు ప్రాణమీ పదమే. డెసిబెల్ లెక్క కూడిక కాదు, గుణకారము. 3 పెరిగినచో శబ్దశక్తి రెట్టింపు, 10 పెరిగినచో పదిరెట్లు. చెవికి మాత్రము జర పెరిగినట్లే తోచును. 85 డెసిబెల్స్ వద్ద ఎనిమిది గంటలు ఉండవచ్చునని నిపుణుల లెక్క. 88 వద్ద నాలుగు గంటలే. 100 వద్ద పావుగంట. కావున "జర" యనగా గడువులో సగము కోయుట.

సౌండు = గాలి తాకిడి. ఇది కర్ణభేరిని కదిపి, మూడు చిట్టి ఎముకల మీదుగా లోపలి నత్తగుల్లను చేరును. అందు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 రోమకణములు. అధికమైన మోత వాటిని మొదట అలయించును, పిదప చంపును. విందులో మనము తినిన కోడికి అవి మరల మొలుచును. తిన్న మనకు మొలువవు.

పెంచరాదే = పెంచుము. రూపమున వేడికోలు, ఫలమున ఆజ్ఞ.

పూర్వపక్షము: డప్పులు లేవా? దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో "ఓ లింగా" యని గట్టంతయు మారుమ్రోగదా?

సమాధానము: డప్పు మోతయు చిన్నది కాదు, దగ్గరి చెవికి అదియు చేటే. అయినను కొట్టువాని చేయి నొచ్చును, తోలు సడలును, దానిని మంటకు కాచుకొనుటకు ఆగవలెను. ఆ సందులో చెవి తేరుకొనును. జనరేటరునకు డీజిలు అయిపోవుటయే కాని అలుపు లేదు.

మరల పూర్వపక్షము: చట్టము లేదా?

సమాధానము: కలదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు ఇండ్ల నడుమ పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు గీసినవి. ఆరుబయట రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు మైకులు వలదన్నవి. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలనే నిషేధించిరి. అది నగరమునకు, దేవుని ఊరేగింపునకు గదా, నాకేమని కర్త ధీమా. 2000 నాటిది తనకును తగులునని కర్త ఎరుగడు.

పాఠాంతరము: "కొడుకా! జర తగ్గించరాదే" అని అరుగు మీది అవ్వ పాఠము. మోతలో ఎవరికిని వినబడలేదు గనుక ప్రతులు దొరకవు.

విశేషము: బాక్సు ముందే ఎగురువానికి ఆ మోత ఏల చాలలేదు? గంటసేపు దెబ్బలు తిన్న చెవి తాత్కాలికముగా మొద్దుబారును. ఇందాక దిమ్మెక్కించినదే ఇప్పుడు చప్పగా తోచును. తెల్లవారి చెవిలో వినబడు గుయ్యిమను రొద ఇందుకు సాక్ష్యము. కాబట్టి వాక్యమును పలికించినది అప్పుడప్పుడే కుదురుకొనుచున్న చెవుడని గ్రహించునది.

తాత్పర్యము: "అన్నా! నా చెవి సగము మూసుకొన్నది, తక్కినది నీవు మూయుము" అని భావము. వివేకియైనవాడు బాక్సులకు తనకు నడుమ దూరమును రెట్టింపు చేసికొనును. ఆరుబయట దానితో సుమారు 6 డెసిబెల్స్ తగ్గి, గడువు నాలుగింతలగును. పసిపిల్లలను భుజములకెత్తుకొని బాక్సు ముందు నిలువరాదు. అది లేతచెవిని మోత ఎత్తునకు మోసికొనిపోవుటయే.

ఫలశ్రుతి: ప్రతి పెండ్లియందును ఈ వాక్యమును పలుకువానికి మొదట 4,000 హెర్ట్జ్ ప్రాంతమున వినికిడి సడలును, అది ముదిరిన కొలది శ, ష, స లను ఊష్మములు రాలిపోవును. పిదప "ఆఁ? ఏమంటివి?" అను మంత్రము నలువది ఏండ్లకే సిద్ధింపవచ్చును. చెవి మిషను ఉన్న వినికిడికి ఊతమగునే కాని, చచ్చిన కణమొక్కటినైనను లేపజాలదు.