అధ్యక్షులవారి దర్శనానంతరము

సంఘమునకు సొంత భవనము లేకపోయినను ఈ కాలమున అంత నామోషీ లేదు. వెబ్‌సైటు లేకపోయినచో మాత్రము పరువు దక్కదు. ఖజానాలో ఎంత మిగిలినదని అడిగినప్పుడు నీళ్లు నమలు కార్యవర్గము సైతము, వెబ్‌సైటు ప్రసక్తి వచ్చునప్పటికి కంఠము సవరించుకొని, సభ్యులకు కావలసిన సమస్త సమాచారమును ఒక్క నొక్కుతో లభింపజేసితిమని వార్షికసభలో ప్రకటించును. సభవారు చప్పట్లు కొట్టుదురు. కొట్టినవారిలో ఆ ఒక్క నొక్కును నొక్కి చూచినవారెవరని అడుగుట సభామర్యాద కాదు గనుక ఎవరును అడుగరు. నేను సభలో లేను గనుక అడుగుచున్నాను.

ఈ మాటలు వ్రాయుచున్నది సోహారునుండి. మస్కటునకు వాయవ్యముగా రమారమి 200 కిలోమీటర్ల దూరమున, బాతినా తీరమున నున్న ఈ పట్టణము దారి కనుగొనుటలో ఆరితేరినవారి ఊరు. సింద్‌బాదు ఇచ్చటనే పుట్టెనని ఇచ్చటివారు చెప్పుకొందురు. అది కట్టుకథయని త్రోసివేసినను, 10వ శతాబ్దమునందలి అరబ్బు భూగోళవేత్త అల్ ముఖద్దసీ ఈ రేవును చీనాదేశమునకు ముంగిలిగా ఎంచుట కట్టుకథ కాదు. ఈ సముద్రముపై తిరిగిన అరబ్బు నావికులు కమాల్ అను చిన్న చెక్కపలకను, దానికి కట్టిన ముడుల దారమును పుచ్చుకొని, దారమును పండ్లనడుమ బిగబట్టి, పలక క్రిందియంచును నీరు నింగి కలియు గీతపైనను, పైయంచును ధ్రువనక్షత్రముపైనను నిలిపి, ఏ ముడికడ రెండును కుదిరినవో దానినిబట్టి తామెంత ఉత్తరమున నుండిరో తెలిసికొనెడివారు. అది పాతమాట యందురా, 2002లో రోటర్‌డాము రేవువారి భాగస్వామ్యముతో ఒమాను ప్రభుత్వము నెలకొల్పిన క్రొత్తరేవునకు పోయి చూడుడు: 4 లక్షల టన్నుల ఇనుపరాయిని మోయగల, 362 మీటర్ల పొడవు గల ఓడలు బ్రెజిలు దేశమునుండి బయలుదేరి, తప్పిపోకుండ, తమకు నిర్ణయించిన ధక్కాకే వచ్చి చేరుచున్నవి.

ఇట్టి తీరమున, ఫలజ్ అల్ ఖబాయిల్ దాపున ఒక కార్మిక వసతిగృహములో, గురువారము రాత్రి పని దిగివచ్చి, మరునాడు సెలవను నిశ్చింతతో మంచముమీద వాలిన ఒక వెల్డరును ఊహింపుడు. ఊహింపుడంటిని గాని ఇతడు నాకు తెలిసినవాడే, అమలాపురము ప్రాంతమువాడు, భార్యాబిడ్డలు ఊరిలో నుండగా ఇచ్చట ఒంటరి. ఇతనికి తెలియవలసిన సంగతులు మూడు: తెలుగువారి సంఘములో చేరుటకు రుసుమెంత, కుటుంబము వెంట లేనివానిని చేర్చుకొందురా లేదా, ఉగాది సభ ఏనాడు ఎచ్చట. ఏ సంఘమని మీరడుగరాదు, నేను చెప్పరాదు. ఇట్టి సంఘముల వెబ్‌సైటు ముఖపత్రములు ఈ తీరమునకే ప్రత్యేకమైనవియు కావు, డాలస్ మొదలు దుబాయి వరకు ఒకే అచ్చున పోతపోసినట్లుండును.

సంఘపు వెబ్‌సైటు తెరువగా అతని ఫోనులో మొదట ఒక దీపపుసెమ్మె కానవచ్చినది. వత్తులు ఒకటొకటిగా వెలిగినవి. అన్నియు వెలిగిన పిదప పూలు రాలినవి. రాలవలసిన పూలన్నియు రాలిన పిదప అధ్యక్షులవారు ప్రత్యక్షమైరి. భుజముపై పట్టుశాలువ, చేతిలో జ్ఞాపిక, ప్రక్కన చిత్రపుటంచున తెగిపోగా మిగిలిన ఎవరిదో మోచేయి. బల్లమీది కంప్యూటరును ఉద్దేశించి అమర్చిన బొమ్మయగుటచే ఫోనుతెర యావత్తును అధ్యక్షులవారి ముఖారవిందమే ఆక్రమించినది. అతడు వ్రేలితో పైకి త్రోసెను: అధ్యక్షులవారి సందేశము. మరల త్రోసెను: ప్రధాన కార్యదర్శిగారి సందేశము. ఈ రెంటి నడుమ సన్నని పట్టీపై అక్షరములు కుడినుండి ఎడమకు పరుగెత్తుచు వికారినామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు తెలుపుచున్నవి. వికారి 2019లో వచ్చినది, ఏడాది తిరుగగానే పోయినది. దాని వెనుక శార్వరియు, ప్లవయు, శుభకృత్తును, శోభకృత్తును, క్రోధియు వరుసగా వచ్చి పోయినవి. ఆ పట్టీకి మాత్రము ఆనాటి పంచాంగశ్రవణమే కడపటిది.

తెర మూలను మూడడ్డగీతలు ఒకదానిక్రింద ఒకటి గీసిన గుర్తు కలదు. 1981లో జెరాక్స్ వారి స్టార్ అను కంప్యూటరు కొరకు నార్మ్ కాక్స్ అను డిజైనరు కల్పించిన గుర్తు అది. లోపల పట్టిక యున్నదని సూచించుట దాని పని. ఆ పట్టికలో ఏ దేశమువారు ఏమి నింపుకొందురో ఆయనకేమి తెలియును పాపము! దానిని నొక్కగా మెనూ దిగినది: మా గురించి, ఆశయములు, సందేశములు, కార్యవర్గము, పూర్వకార్యవర్గములు, ఉపసంఘములు, దాతలు, పత్రికలలో మనము, చిత్రమాలిక, సభ్యులు, సంప్రదించుడు. సభ్యత్వ సంఘమునందు సభ్యులది పదియవ స్థానము. అందుకును అతడు నొచ్చుకొనలేదు. ‘సభ్యులు’ అనుదానిని నొక్కెను. సభ్యత్వసంఖ్యయు పాస్‌వర్డును ఇమ్మని ఒక పెట్టె అడిగినది. సభ్యుడు కాగోరి వచ్చినవానిని నీ సభ్యత్వసంఖ్య యేమని అడుగుటలోని తర్కము అతనికి బోధపడక, ఆ పెట్టె క్రింద చీమకాలంత అక్షరములతో నున్న ‘నూతన సభ్యులు’ అను మాటను ఎట్టకేలకు కనుగొని నొక్కగా, ఒక పీడీఎఫ్ దరఖాస్తు దిగినది. దానిని అచ్చొత్తించి, పూరించి, పాత సభ్యులిద్దరిచేత బలపరపించి, ఛాయాచిత్రమంటించి, స్కాను చేసి పంపవలెను. రుసుము అని వ్రాసిన గడి ఎదుట, ‘కార్యవర్గము నిర్ణయించిన ప్రకారము’ అని యున్నది.

“డబ్బులెంతో ఎక్కడా రాయలేదేంటండీ?” అని అతడు నన్నడిగెను. వెనుకకు పోయి చూడుమంటిని. వెనుకకు పోయెను. “మళ్ళీ దీపాలు వెలుగుతున్నాయండీ” అనెను.

ఇక ఆ ముఖపత్రపు నెత్తిన తిరుగు బొమ్మల సంగతి. వెబ్‌సైటులు కట్టు కుర్రవాండ్రు దానిని స్లైడరందురు. అది చదువరుల కొరకు పుట్టినదని కట్టినవారును నమ్మరు, అది సంధిపత్రము. ముఖపత్రమున మొదటి బొమ్మ ఎవరిదను తగవు ఏ సంఘమునందైనను రాక తప్పదు. పదవినిబట్టి నాదని అధ్యక్షుడనును. నేను లేనిది ఈ సంఘమే లేదని వ్యవస్థాపకుడనును. ప్రధానదాత నోరు తెరచి ఏమియు అనడు గాని, ఎదుటనున్న టీ చల్లారి మీగడ కట్టువరకు కప్పు ముట్టడు. ఆ నిశ్శబ్దమున, మూలను కూర్చుండి లాప్‌టాపు చూచుకొనుచున్న కుర్రవాడు, “అందరినీ పెడదాం సార్, ఒకరి తరవాత ఒకరు తిరుగుతూ ఉంటారు” అనును. కురుపాండవులకు దొరకని ఉపాయము! పదవీధరులు ఏడుగురు, తలకు నాలుగేసి సెకనులు, వెరసి 28 సెకనులకొక ఆవృత్తి. సంఘము చీలకుండ నిలిచినది. ప్రధానదాత టీ త్రాగెను. అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమున ఎరిక్ రనియన్ అను వెబ్ నిపుణుడు తమ స్లైడరును ఎందరు నొక్కుచున్నారో లెక్కగట్టి 2013లో వెల్లడించెను: వచ్చినవారిలో నూటికి ఇంచుమించు ఒక్కరు, ఆ కొద్దిమందిలోను అత్యధికులు నొక్కినది మొదటి బొమ్మనే. ఈ లెక్క మన ప్రధానదాత కంటబడనీయకుడు, ఆయన వంతు నాలుగవది. తనంతట తాను 5 సెకనులకు మించి కదలునట్టి దేనినైనను చదువరి ఆపుకొనుటకు వీలుండవలెనని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి 2008 నాటి నియమావళి చెప్పుచున్నది. మనవారు అట్టి మీటను పెట్టరు. పెట్టిన యెడల సభ్యులు ఎవరిమీద ఆపుదురో యను భయము.

ఈ వ్యాధి యంత్రములతో వచ్చినది కాదు. సికింద్రాబాదు క్లబ్బు 1878లోను, విశాఖలో వాల్తేరు క్లబ్బు 1883లోను పుట్టినవి. దొరలు నేర్పిన ఈ క్లబ్బుల మర్యాదలలో గోడకు వ్రేలాడు చెక్కపలక యొకటి. దానిపై బంగారువన్నె అక్షరములతో పూర్వాధ్యక్షుల నామావళియు, వారు ఏలిన సంవత్సరములును వ్రాసియుండును. అట్టి క్లబ్బులలోనికి మనవారికి తేలికగా ప్రవేశము దొరకని దినములు గలవు, అది వేరు కథ. ఆ పలకను దారి అడిగినవాడు ఎన్నడును లేడు. దారి చెప్పుటకు గేటుకడ దర్వాను ఉండెడివాడు. ఆ బంగారు అక్షరములు వానికి చదువవచ్చునో రాదో గాని, వచ్చినవాని వాలకము చూచినంతనే ఇతడు చీట్లాటకు వచ్చెనా, అప్పు వసూలునకు వచ్చెనా, సభ్యుడగుటకు వచ్చెనా గ్రహించి, కార్యదర్శి గది ఎటో, గుమాస్తా ఏ వేళకు వచ్చునో, పైకము ఎవరిచేతికీయవలెనో మూడు ముక్కలలో చెప్పి పంపెడివాడు. మనము క్లబ్బును ఫోనులోనికి తరలించునప్పుడు ఆ పలకను గీత పడకుండ మోసికొనివచ్చితిమి. దర్వానును గేటుకడనే విడిచివచ్చితిమి.

టిమ్ బెర్నర్స్ లీ 1991లో సెర్న్ పరిశోధనశాలనుండి లోకమునకు తెరచిన మొట్టమొదటి వెబ్‌సైటు ప్రతిని ఇప్పటికిని చూడవచ్చును. బొమ్మ లేదు, రంగుల హంగు లేదు. తెల్లని పుటపై కొన్ని లింకులు. ఏమేమి లభించునను లింకు ముందున్నది, సహాయమను లింకు దాని వెంటనే యున్నది, ఇందు పనిచేసినవారి పేర్లకు దారి చాల క్రిందనున్నది. ఇంతటి వస్తువును కనిపెట్టియు శాలువ కప్పుకొని నిలువవలెనని ఆయనకు తోచకపోవుట మన దృష్టిలో చిత్రమే. రాండల్ మన్రో అను అమెరికా వ్యంగ్యచిత్రకారుడు 2010లో రెండు వలయములు గీసెను: విశ్వవిద్యాలయపు ముఖపత్రమునందుండునవి ఒక వలయమున, జనులు అచ్చట వెదకునవి రెండవ వలయమున, రెండును కలిసిన చోట మిగిలినది ఆ విద్యాలయము పూర్తిపేరు ఒక్కటియే. మన సంఘములకు ఆ పాటి కలయికయు లేదు, పేరు పొడియక్షరములలో నుండును గనుక.

‘సంప్రదించుడు’ అనుచోట ఫోను నంబరు కలదు, కాదనను. కాని అది బొమ్మలో అచ్చువేయబడిన నంబరు. దానిని నొక్కిన యెడల ఫోను మ్రోగదు, బొమ్మ పెద్దదగును. ఏదైనను వెదకుటకు గాజుబిళ్ల గుర్తుతో పెట్టె కలదు. ‘రుసుము’ అని వ్రాసి వెదకగా ఏమియు దొరకలేదనియు, ‘శ్రీ’ అని వెదకగా పుటలకొలది దొరకినదనియు మా వెల్డరు చెప్పెను. చిత్రమాలికలో వందలకొలది ఛాయాచిత్రములు పేరు, తేదీ లేక పడియున్నవి. మస్కటునకు వెళ్లు బస్సు ఎచ్చట ఆగునో వ్రాయుటకు చోటు చాలలేదు కాబోలు.

ఇది జీతము బత్తెము లేని సేవయనియు, పగలంతయు ఉద్యోగములు చేసికొని రాత్రులు మేలుకొని కుర్రవాండ్రు కట్టిన వెబ్‌సైటును తప్పుపట్టుట కృతఘ్నతయనియు నన్ను ఆక్షేపింతురు. ఆ కుర్రవానిని నేనెన్నడును తప్పుపట్టను. అతడు మొదట తెచ్చిన నమూనాలో రుసుము పైననే యుండెననియు, దానిని దించి జ్ఞాపికను ఎక్కించినవారు పెద్దలేననియు నేను విన్నాను. అసలు సమాచారమంతయు వాట్సాప్ గ్రూపులో ఎప్పటికప్పుడు వచ్చుచునే యుండును గదా, వెబ్‌సైటు చూచువారెవరని మరియొక సమాధానము. ఇది మొదటిదానికంటె నిజమైనది, కావుననే మొదటిదానికంటె చెడ్డది. ఆ గ్రూపులో చేరుటకు చేర్చువాడొకడు కావలెను. చేర్చువానిని ఎరుగుటకు ముందే నలుగురితో పరిచయముండవలెను. నలుగురితో పరిచయమున్నవానికి దారి చూపు గుర్తులతో పనియే లేదు. నిన్న విమానము దిగి, నేడు కర్మాగారపు బస్సెక్కి, తెలుగు మాట వినబడు చోటు ఎచ్చటనని వెదకువాడొక్కడే ఆ ముఖపత్రమును నిజముగా చదువును. వానికొక్కనికే అందులో ఏమియు దొరకదు. ఒమానులో విదేశీయులు తమకు తోచినట్లు వీధికొక సంఘము పెట్టుకొనుటకు వీలులేదు. 2000 సంవత్సరపు పౌరసంఘముల చట్టమును, సాంఘికాభివృద్ధి మంత్రిత్వశాఖ అనుమతియును కలవు. మన ఊళ్లలోవలె ఈ సంఘము కాకున్న ఆ సంఘమని అలిగి పోవుటకు ప్రక్కవీధి లేదు. ఉన్నది ఒక్క వాకిలియైనప్పుడు ఆ వాకిటి నిండ పీటలు వేసికొని కూర్చుండుట వేడుక కాదు, దబాయింపు.

మా వెల్డరు మొరను నా మాటగా కార్యవర్గమువారికి విన్నవింపగా వారు మిక్కిలి ఔదార్యముతో ఆలకించిరి. రుసుమును ముఖపత్రముననే, అందరికిని కనబడునట్లు, పెద్ద అక్షరములతో ప్రకటింపవలెనని ఏకగ్రీవముగా తీర్మానించిరి. తీర్మానించి అమలును జరిపిరి. ఇప్పుడది స్లైడరులో ఎనిమిదవ బొమ్మగా, కోశాధికారిగారి నిలువెత్తు చిత్రము ప్రక్కన, 28 సెకనులు ఓపికపట్టినవానికి నాలుగు సెకనులపాటు కనబడుచున్నది.